నల్లి లేని మంచం

శనివారం పొద్దున విశ్వేశ్వర్ నోట్లో బ్రష్షు పెట్టుకునే మరునాటి పథకాన్ని భార్యకు మరోసారి వివరించాడు. మాటలు నురగలోంచి వస్తున్నా ఆమెకు అర్థం కాకపోవడమంటూ లేదు. ఆ వారమంతా ఆమె వింటున్నది అదే.

“రేపు పొద్దున బోనం ఎత్తుతవు, అమ్మకు చెల్లిస్తవు, వస్తవు. బువ్వ తింటం. రెండింటికి బండెక్కుతం. పోలీసోళ్లు రోడ్లు బంద్ వెట్టక ముందే సంతోష్‌నగర్ దాటితిమంటే, ఇంక మనల ఆపెటోడు లేడు.”

నాగమణమ్మ గడప దగ్గర కూర్చుని బోనానికి బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే “సూద్దం” అంది. వాళ్ల కాపురం చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఉంది.

విశ్వేశ్వర్‌ది మదీనా దగ్గర జాకెట్ గుడ్డల హోల్‌సేల్ దుకాణం. పెళ్లయిన దగ్గర్నుంచి భార్య ఎక్కడికైనా పోదామన్నప్పుడల్లా అతనికి ఏదో ఒకటి అడ్డం వచ్చేది. పెళ్లిళ్ల కాలమనేవాడు, సరుకు దిగుతుందనేవాడు, గుమాస్తా సెలవులో ఉన్నాడనేవాడు. చెప్పడానికి ఏమీ మిగలకపోతే లాడ్జి ఉండనే ఉంది. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి పుణ్యక్షేత్రానికి పోయి లాడ్జిలో పడుకున్నారు. తెల్లారేసరికి నల్లులు కుట్టి విశ్వేశ్వర్ ఒళ్లంతా దద్దుర్లు తేలాయి. దేవుణ్ణి కూడా గోక్కుంటూనే దర్శనం చేసుకుని వెనక్కి వచ్చాడు. అప్పటినుంచి ఎవరైనా లాడ్జి అన్న మాట అంటే చాలు, అతని చేయి దానంతట అదే మోచేతిని గోకేది.

ఈ ఉగాదికి దుకాణం కొడుకు మనీష్‌కు అప్పజెప్పాడు. ఆ మరునాటినుంచి అతనికి కుదురు లేదు. కారని కుళాయిలు బిగించాడు. చప్పుడు చేయని తలుపులకు నూనె వేశాడు. ఫ్రిజ్ తెరిచి చూసేవాడు, మూసేవాడు, ఏం చూశాడో గుర్తు రాక మళ్లీ తెరిచేవాడు. కూర్చున్నా కాలు ఊగుతూనే ఉండేది. “కూసుంటే కూసో, పోతే పో. నడుమ గీ ఊగుడేంది,” అని నాగమణమ్మ విసుక్కునేది.

ఒకరోజు ఫోన్‌లో ఎవరో పాత వ్యాన్‌ను ఇల్లులా మార్చుకున్న వీడియో కనిపించింది. లోపల పరుపుంది, పొయ్యి ఉంది, ఫ్యానుంది. విశ్వేశ్వర్ దాన్ని నిలబడే చివరిదాకా చూశాడు. చూసి, మోచేయి గోక్కోవడం ఆపి అన్నాడు, “మన పలంగు మనం ఎంబడి తీస్కపోతే ఇంక లాడ్జెందుకే?”

దుకాణం సరుకు మోసి మోసి అలిసిపోయిన వ్యాన్ ఒకటి గోదాం వెనక పడి ఉంది. దాని రెండో గేరు పడాలంటే కర్రను కాస్త పైకెత్తి, పక్కకు లాగి, ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. ఆ విద్య విశ్వేశ్వర్‌కు తప్ప ఇంకెవరికీ రాదు. దాన్ని మొఘల్‌పురాలో ఖలీల్ భాయ్ షెడ్డుకు తోలుకుపోయాడు. ఖలీల్ బడి వ్యాన్లకు సీట్లు, తలుపులు బిగించే మనిషి. వేసవంతా ఇద్దరూ ఆ బండి మీదే పడ్డారు. రేకుకూ ప్లైవుడ్‌కూ నడుమ ఎండ దిగకుండా థర్మాకోల్ కూరారు. పక్కలకు కిటికీలు కోశారు. కిందంతా సామాన్ల పెట్టెలు, పైన పలంగు వచ్చేలా కట్టారు. మడతబల్ల బిగించాక తెలిసింది, బల్ల తెరిస్తే తలుపు తెరుచుకోదని. బల్ల జరిపితే పొయ్యికి చోటు లేదు. పొయ్యి జరిపితే నీళ్ల డబ్బా కుళాయి సరిగ్గా పరుపు మీదికి వచ్చింది. పొయ్యిని మూడుసార్లు జరిపాక గాని అన్నీ కుదరలేదు. పలంగు కొలత కోసం విశ్వేశ్వర్ షెడ్డు నేల మీద వెల్లకిలా పడుకుంటే, ఖలీల్ చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. దారిన పోయేవాళ్లు ఇద్దరు ఆగి, ఎప్పుడు పోయాడని అడిగారు.

“ఇద్దరికే అన్నగద, గింత వెడల్పెందుకు భాయ్?” అని విశ్వేశ్వర్ అడిగితే, ఖలీల్ తయారైన పలంగు మీద గట్టిగా చరిచాడు. “ఫికర్ మత్ కరో సేఠ్. ముగ్గురు పండుకోవచ్చు. ఏనుగు పండుకున్నా కుచ్ నై హోతా.”

అంతా బాగానే ఉంది కాని, ఈలోపు సంతోష్‌నగర్‌లో ఉండే నాగమణమ్మ అక్క మాణిక్యమ్మ యాత్రల బస్సులో తనకు సీటు చెప్పుకుంది. పక్క సీటు చెల్లెలి కోసం అట్టిపెట్టింది. బస్సు సోమవారం పొద్దున బయలుదేరుతుంది. నాగమణమ్మ మొగుడికి ఒకే ఒక్క మాట చెప్పింది.

“ఆదివారం పొద్దుమూకేలోపల నీ బండి ఊరు దాటితే నీ ఎంబడి వస్త. లేకుంటే సోమారం అక్క ఎంబడి బస్సెక్కుత. పది దినాలు నువ్వూ, నీ పలంగూ.”

ఆమె లేని ఇంట్లో విశ్వేశ్వర్ ఒక్క పూట గడిపి ఎరగడు. గడపాలని కూడా లేదు. కాని అలాంటి మాటలు పైకి చెప్పుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. అందుకని ప్లాన్ మాత్రమే చెప్పాడు, మళ్లీ మళ్లీ చెప్పాడు.

శనివారం మధ్యాహ్నానికి బండి గల్లీలో ఇంటి ముందు నిలబడింది. అన్నీ అయ్యాయి. విశ్వేశ్వర్ పరుపు మీద చేయి వేసి చూసుకున్నాడు. అంతలో అతనికి ఒక అనుమానం వచ్చింది. కొత్త చెక్క, కొత్త పరుపు, లోపలంతా చీకటి సందులు. తాను నల్లి అయితే ఉండటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇక కూర్చోలేకపోయాడు. వేపకొమ్మల వాసనకు నల్లులు రావని ఎవరో అన్నారు కదా అని గంపెడు కొమ్మలు తెచ్చి తలుపుకూ కిటికీలకూ గుత్తులు గుత్తులుగా కట్టాడు. చీమలు ఎక్కకుండా అడుగుమెట్టుకు దళసరిగా పసుపు పూశాడు. ఖలీల్‌కు ఫోన్ చేస్తే, “లోబాన్ పొగ పెట్టు సేఠ్, ఖట్మల్ కాదు, ఖట్మల్ కా బాప్ భీ నై రహతా,” అన్నాడు. నల్లి మాత్రమే కాదు, నల్లి తండ్రి కూడా ఉండడన్న భరోసాతో విశ్వేశ్వర్ లోపల సాంబ్రాణి వేసి తలుపులు దగ్గరకు వేశాడు. కిటికీలకు తెరలు కోడలు స్రవ్య కుట్టింది. దుకాణంలో ఎవరూ కొనక మిగిలిన పచ్చటి పసుపు గుడ్డ తాను ఒకటి ఉంటే దాన్నే చింపి, మిగిలిన ఎర్ర గుడ్డతో అంచులు వేసింది. కొత్త బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూడాలి కాబట్టి, మనీష్ పెళ్లినాటి సీరియల్ బుడ్లను బండి చుట్టూ తిప్పి వెలిగించాడు.

పసుపు తెరలు, ఎర్రటి అంచులు, వేపమండలు, పసుపు పూసిన గడప, లోపలి నుంచి సాంబ్రాణి పొగ, పైన మిణుకుమిణుకుమనే దీపాలు. తెల్లారితే బోనాలు. దాన్ని నల్లుల మందు అనుకునే మనిషి ఛత్రినాక మొత్తంలో ఒక్క విశ్వేశ్వరే.

అదే సమయానికి గల్లీ కుర్రాళ్లకు పెద్దవాడైన ప్రణీత్ నిలువునా నీరుగారిపోయి వస్తున్నాడు. బోనాల సాయంత్రం ఇంటింటి నుంచి పండ్లు, మిఠాయిలు, నానబెట్టిన శనగలు అమ్మవారి బొమ్మ ముందు పెట్టుకుని డప్పులతో ఊరేగే ఫలహారం బండి ప్రతి గల్లీకీ ఉంటుంది. ఈ గల్లీకి ఏటా లారీ ఇచ్చే మనిషి ఈసారి ఇంజన్ చెడిందన్నాడు. రెండు రోజులుగా తిరిగినా పండగ ముందు బండి ఇచ్చేవాడు దొరకలేదు. పక్క గల్లీవాళ్లు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. మూల తిరిగిన ప్రణీత్ విశ్వేశ్వర్ ఇంటి ముందు వెలుగుతున్న బండిని చూసి ఆగిపోయాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

“బాపూ,” అన్నాడు చివరికి, గల్లీ అంతా విశ్వేశ్వర్‌ను పిలిచే పిలుపుతో, “గల్లీ ఇజ్జత్ నిలవెట్టినవ్.”

ఇలాంటి బండి గల్లీలో ఇంకెవరికీ లేదు కనుక ఆ మాటలో విశ్వేశ్వర్‌కు వింతేమీ కనిపించలేదు. “గింత దానికేందిరా. ఎండకాలమంతా గిదే పని చేసిన,” అన్నాడు.

“ఎండకాలం సందేనా? ఎవ్వరికి చెప్పకుంట?” ప్రణీత్ కళ్లు తుడుచుకున్నాడు. “మల్ల నడిపేదెవరు బాపూ?”

“నేనే. గిది ఇంకొకరి చేతికి రాదు.”

ప్రణీత్ అతని కాళ్లకు దండం పెట్టి పరిగెత్తాడు. ఈ కాలం పిల్లలకు మర్యాద లేదనేది శుద్ధ అబద్ధమని విశ్వేశ్వర్‌కు ఆ రోజే తెలిసింది.

కాసేపటికి ఎదురింటి చంద్రమ్మ వచ్చింది. గల్లీలో అందరికంటే పెద్దది. పండగకైనా చావుకైనా ఏది ముందు, ఏది వెనక అన్నది ఆమె చెప్పాల్సిందే. చేతిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ భరిణె ఉన్నాయి. ఏమీ మాట్లాడకుండా చక్రాలకు పసుపు రాసి బొట్లు పెట్టింది, కాయ కొట్టింది, ఒక ముక్క విశ్వేశ్వర్ చేతిలో పెట్టింది. కొత్త బండికి పూజ చేయడం ఎవరైనా చేసేదే. మనం మరిచినా ముసలమ్మ మరవలేదనుకుని, విశ్వేశ్వర్ ముక్కను కళ్లకద్దుకుని నమిలి మింగాడు. తర్వాత అందరూ అతనికి గుర్తు చేసింది ఆ మింగడాన్నే.

ఆదివారం పథకం ప్రకారమే మొదలైంది. నాగమణమ్మ నెత్తిన బోనం పెట్టుకుని వెళ్లి, చెల్లించి, మధ్యాహ్నానికి వచ్చింది. భోజనాలయ్యాయి. ముఖానికి పసుపు అలాగే ఉంచుకుని ప్రయాణపు చీర కట్టుకుంది. సంచి తీసుకుని బండి వెనక భాగంలోకి ఎక్కి, పలంగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “మెత్తగనే ఉన్నదయ్యా,” అంది. వేసవంతా పడ్డ కష్టానికి అదే మొదటి మెప్పు. విశ్వేశ్వర్ తాళంచెవి తీసుకున్నాడు.

అంతలో పక్కింటి పిల్ల ఆశ్రిత పళ్లెం నిండా లడ్లతో వచ్చింది. “పెద్దమ్మా, గివ్వి యాడ వెట్టాలె?” ఆమె వెనక అరటిపండ్ల గెలతో ఒకామె, శనగల గిన్నెతో ఒకామె, పులిహోర గంజుతో ఇద్దరు. చూస్తూ ఉండగా గల్లీ ఆడవాళ్లంతా వరస కట్టారు. దారి తిండి కోసం ఇంతమంది కష్టపడ్డారని విశ్వేశ్వర్ మనసు నిండిపోయింది.

“గిన్ని ఎందుకమ్మా, ఎట్ల తింటం? ఇద్దరమే గద.”

“మీరు తినుడేంది బాపూ. దారిపొడుగున అందరికి పంచాలె గద,” అంది పులిహోర తెచ్చినామె.

అదీ మంచి మాటే అనిపించింది. దారిలో ఆకలిగొన్నవాళ్లు ఉండనే ఉంటారు. పళ్లేలు సర్దడానికి పరుపు చాలక మడతబల్ల కూడా తెరిచి ఇచ్చాడు. అప్పుడు ప్రణీత్, ఇంకో నలుగురు కలిసి అమ్మవారి బొమ్మను భుజాల మీద మోసుకొచ్చారు. “జర జరుగు పెద్దమ్మా,” అని నాగమణమ్మను పక్కకు జరిపి, బొమ్మను పలంగు నట్టనడుమ నిలబెట్టారు. బొమ్మ ఒరిగిపోకుండా నాగమణమ్మ చేయి అడ్డం పెట్టింది. బయట గల్లీ డప్పు వాయించే ఎల్లయ్య మొదటి దెబ్బ వేశాడు.

విశ్వేశ్వర్ తాళంచెవి పట్టుకునే అడ్డం వచ్చాడు. “ఏందిరా ప్రణీత్ గిది?”

“ఫలహారం బండి బాపూ.”

“ఏది?”

“గిదే. నీదే. నువ్వు చేసిందే.”

“నేను చేసింది మేం ఊరికి పోవుడానికి రా.”

ఎల్లయ్య డప్పు ఆపాడు. చంద్రమ్మ ముందుకు వచ్చింది. “మరి నిన్న కాయ గొడితే ముక్క తింటివి గద కొడుకా.”

“పెట్టినవు, తిన్న.”

“సాంబ్రాణెందుకేసినవ్?”

“నల్లుల కోసం.”

“యాపమండలు?”

“అవీ నల్లుల కోసమే.”

“బోనాలనాడు నల్లుల కోసం యాపమండలు గట్టినోన్ని నా జల్మల సూడలె,” అంది చంద్రమ్మ. “నీ మనసుల ఏమున్నా, కాయ గొట్టినప్పుడే బండి అమ్మదైంది. ఇంక దించుతమంటే నువ్వే దించు, నీ చేతులతోని.”

విశ్వేశ్వర్ బొమ్మ వైపు చూశాడు. బొమ్మ పెద్ద పెద్ద కళ్లతో అతన్నే చూస్తోంది. ప్రణీత్ అతని చేయి పట్టుకున్నాడు. “పక్క గల్లీ బండి అప్పుడే మూల మీదికొచ్చింది బాపూ.” చివరికి విశ్వేశ్వర్ దిక్కులేక భార్య వైపు తిరిగాడు.

నాగమణమ్మ ఒక చేత్తో అమ్మవారిని, ఇంకో చేత్తో లడ్ల పళ్లేన్ని పట్టుకుని ఉంది. “అమ్మకు కాదంటమా. నడుపు,” అంది. తర్వాత కిటికీలోంచి ఎండ వైపు చూసి, “పొద్దుమూకేలోపల అన్న. యాదికున్నదిగద,” అని తెర సర్దుకుంది.

అప్పుడు విశ్వేశ్వర్ బుర్రలో కొత్త ప్లాన్ పుట్టింది. ఊరేగింపును త్వరగా నడిపించాలి. గబగబా ఒక చుట్టు తిప్పి, బొమ్మను గుడి దగ్గర దించి, అటునుంచి అటే ఊరు దాటాలి. లోకంలో ఊరేగింపులను త్వరపెట్టాలని చూసినవాళ్లు తక్కువ. ఎందుకు తక్కువో అతనికి మొదటి మలుపులోనే తెలిసింది. జరగమని హారన్ కొడితే, బాపుకు హుషారెక్కిందని కుర్రాళ్లు ఇంకా గట్టిగా ఎగిరారు. రెండోసారి కొడితే ఎల్లయ్య హారన్‌కు తగ్గట్టు దరువు మార్చాడు. మూడోసారికి అమ్మవారి తమ్ముడి వేషం కట్టిన పోతరాజు కొరడా తిప్పుకుంటూ వచ్చి సరిగ్గా బండి ముందు నిలబడ్డాడు. ఒళ్లంతా పసుపు, నోట్లో నిమ్మకాయ, కదలడు. విశ్వేశ్వర్ చేతులు జోడించి, “అన్నా, జర పక్కకు,” అన్నాడు. పోతరాజు నిమ్మకాయను నోట్లోంచి తీసి, “నన్ను ఎనకోళ్లు తోలాలె బాపూ, నాయంతట నేను జరగరాదు,” అని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం రెండో గేరుతో పని ఒక్కసారీ పడలేదు.

పెద్ద రోడ్డెక్కాక పక్క గల్లీ బండి చక్రం డ్రైనేజీ గుంతలో దిగబడింది. నవ్వినవాళ్లే వచ్చి ప్రణీత్‌ను బతిమాలుకుంటే, వాళ్ల పళ్లేలూ ఈ బండిలోకే ఎక్కాయి. నీళ్ల డబ్బా కుళాయిని ఎవరో తిప్పారు. అమ్మవారి పక్కనుంచి వస్తున్న నీళ్లు కనుక తీర్థమన్నారు. ఇద్దరి ప్రయాణానికి నింపుకున్న నీళ్లు కాసేపట్లో అరచేతుల్లోకీ కళ్లమీదికీ ఖర్చైపోయాయి. ఒకాయన బ్యాటరీ ఫ్యాన్ వేసి, అమ్మకు ఉక్కపోస్తుందన్నాడు. బండి మెత్తగా ముందుకూ వెనక్కూ ఊగుతుంటే విశ్వేశ్వర్ క్లచ్ మీద కాలు అదే తాళంలో ఊగుతూనే ఉంది. అద్దంలో చూస్తే భార్య ముఖం కనిపిస్తోంది. ఆమె జనాన్ని చూడటం లేదు. మేడల వెనక దిగుతున్న పొద్దును చూస్తోంది.

మొఘల్‌పురా మలుపులో ఖలీల్ భాయ్ షెడ్డు ముందు నిలబడి అందరికీ చల్లటి నీళ్లు ఇస్తున్నాడు. తాను కట్టిన బండిని చూసి గ్లాసు పక్కన పెట్టి కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

“ఏంది సేఠ్, ఊరికి పోతనంటివి?”

“పోతున్న. గిట్లనే.”

ఖలీల్ వంగి పలంగు కింద చూశాడు. రెండు గల్లీల ఫలహారం, అమ్మవారు, నాగమణమ్మ, అందరి బరువూ మోస్తున్నా చెక్క ఇంచు కూడా వంగలేదు. “బోలా థా నా, ఏనుగని,” అని తృప్తిగా వెళ్లిపోయాడు.

పొద్దు ఇంకో వేలెడు మిగిలి ఉండగా బండి మళ్లీ ఆగింది. ముందు ఎక్కడో ఆగింది, వెనక అంతా ఆగింది. గంటలుగా ఒకే చోట కూర్చున్న నాగమణమ్మ జుట్టు ముడి విడిపోయింది. ముఖాన పసుపు చెమటకు మెరుస్తోంది, ఒడినిండా వేపాకు రాలింది. చంకలో పిల్లతో ఒక యువతి జనాన్ని తోసుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చి, బొమ్మనూ పక్కనున్న మనిషినీ కలిపి దండం పెట్టింది. “అమ్మా, ఒక్క మాట చెప్పు తల్లీ,” అంది.

నాగమణమ్మను జీవితంలో ఎవరూ ఒక్క మాట చెప్పమని అడగలేదు. ఆమె మేడల వెనక దిగిపోతున్న పొద్దును చూసింది. డ్రైవరు సీటు వెనక భాగాన్ని చూసింది. తర్వాత ఆమె గొంతు లేచింది.

“ఏం జెప్పాలె? ఎన్నేండ్ల సంది గీడనే కూసున్న. రేపంటరు, ఎల్లుండంటరు. కదిలిందెన్నడు? ఎవరికేం తక్కువ జేసిన? ఎవరి కడుపు ఎండవెట్టిన? నేను చీరలడిగిన్నా, నగలడిగిన్నా? ఒక్కటే అడిగిన. నన్ను గీ ఊరు దాటియ్యిండ్రి. లేకుంటే ఊకోను.”

ఎల్లయ్య చేయి డప్పు మీదే ఆగిపోయింది. పోతరాజు కొరడా దించాడు. బండి పక్కన నడుస్తున్న చంద్రమ్మ రెండు చేతులూ పైకెత్తి, “అమ్మ పలుకుతున్నది,” అంది. ఆ మాట వెనక వరసకు, వాళ్ల వెనక వరసకు పాకింది. ఎక్కడివాళ్లు అక్కడ చేతులు జోడించారు.

అంతమందిలో ఆ మాటలు ఎవరివో తెలిసినవాడు ఒక్క విశ్వేశ్వరే. అతను వెనక్కి తిరగలేదు. అద్దంలో చూశాడు. ఉగాది నుంచి ఊగుతున్న కాలు మొదటిసారి ఆగింది.

“తప్పయింది తల్లీ. దాటిస్తం,” అంది చంద్రమ్మ. “ఎట్ల దాటియ్యాల్నో, ఎవరెవరు రావాల్నో అదీ నువ్వే జెప్పు.”

నాగమణమ్మ ఉలిక్కిపడింది. నేను నాగమణినే అని చెప్పడానికి నోరు తెరిచింది. చుట్టూ జోడించిన చేతులు కనిపించాయి. ముందు అద్దంలో, స్టీరింగ్ వదిలేసి జోడించిన తన మొగుడి చేతులు కూడా కనిపించాయి. తెరిచిన నోరు మూసుకుని కాసేపు ఆలోచించింది.

“ఆడోళ్లం పోతం,” అంది.

“మగోళ్లు వద్దా తల్లీ?”

“బండి నడిపెటోడు ఒక్కడు చాలు. నడపాలె, గంతే. గీ పలంగు మీద మగోడు పండుకోవద్దు.” కొంచెం ఆగి, ఎన్నాళ్లగానో కడుపులో దాచుకున్నది కూడా చెప్పేసింది. “గురక నాకు పడదు.”

“ఇన్నరా, అమ్మకు గురక పడదంట,” అని చంద్రమ్మ జనానికి వినిపించింది. కొడుకుల కోసం, కోడళ్ల కోసం, వానల కోసం వచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఆ మాటకు గట్టిగా తలలూపారు. ఇన్నాళ్లకు అమ్మ తమ ఇళ్ల సంగతి పట్టించుకుందని ఒకామె కళ్లొత్తుకుంది కూడా.

బొమ్మను గుడి దగ్గర దించి, ఫలహారం పంచి, బండి గల్లీకి తిరిగి వచ్చేసరికి పొద్దుమూకి చాలాసేపైంది. విశ్వేశ్వర్ ఆ విషయం ఎత్తలేదు. నాగమణమ్మా ఎత్తలేదు.

సోమవారం పొద్దున్నే మాణిక్యమ్మ సంచి పట్టుకుని ఆటో దిగింది. విశ్వేశ్వర్ తల దించుకుని వాకిట్లో నిలబడ్డాడు. మాట మాటే. ఇవ్వాళ్టినుంచి పది రోజులు తానూ, పలంగూ. “నీ చెల్లె లోపల ఉన్నది వదినే,” అని ఇంటి వైపు చూపించాడు.

చెల్లెలు ఇంట్లో లేదు, బండిలో ఉంది. పరుపు మీద పసుపు మరకలు తుడిచి కొత్త దుప్పటి పరుస్తోంది. పక్కనే చంద్రమ్మ తన మూటతో సహా కూర్చుని మిగిలిపోయిన లడ్డు తింటోంది. అమ్మ ఆడవాళ్లను రమ్మన్నది కాబట్టి గల్లీ తరఫున తాను వస్తున్నానని ఎవరూ అడగకముందే చెప్పింది.

“గీ పలంగు సూడక్కా,” అంది నాగమణమ్మ. “బస్సుల పది దినాలు మోకాళ్లు ముడుసుకోని కూసుంటవా, కాళ్లు సాపుకోని వస్తవా?”

మాణిక్యమ్మ పరుపును చేత్తో నొక్కి చూసింది. ఫ్యాన్ వేసి చూసింది. పొయ్యి వెలిగించి చూసింది. తర్వాత ఫోన్ తీసి బస్సువాళ్లకు రెండు సీట్లూ వద్దని చెప్పింది. “మరిదీ, కిస్మత్ మంచిగున్నదయ్యా నీది. ముగ్గురాడోళ్లకు డ్రైవరువైనవ్.”

విశ్వేశ్వర్ భార్య దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాడు. “నిన్న పొద్దుమూకినంకనే ఇంటికొచ్చినం గదనే.”

“ఔ. మూకింది.”

“మల్ల వస్తున్నవేంది?”

“అమ్మ మాటున్నది గద. దాటాలె గద.” ఆమె ముఖంలో నవ్వు లేదు.

“నిన్న పలికింది ఎవరే?”

నాగమణమ్మ దిండు గలీబు తొడుగుతూ అతన్ని చూసింది. “నీకెవరనిపిచ్చిన్రు?”

విశ్వేశ్వర్ వెళ్లి బండి స్టార్ట్ చేశాడు. సంతోష్‌నగర్ దాటారు. కర్రను పైకెత్తి, పక్కకు లాగి రెండో గేరు వేశాడు. ఆ తర్వాత మూడో గేరు కూడా పడింది. ఊరు వెనకబడి, పొలాలు మొదలైనప్పుడు వెనక మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూశాడు. నాగమణమ్మ పసుపు తెర పక్కకు లాగి, గాలికి కళ్లు సగం మూసుకుని బయటికి చూస్తోంది. ముఖం మీద పడుతున్న వెంట్రుకలను కూడా తీసుకోవడం లేదు. విశ్వేశ్వర్ బండిని కాస్త మెల్లగా నడిపాడు.

సాయంత్రానికి సోమశిలలో కృష్ణ ఒడ్డు చూశారు. చీకటి పడేవేళకు కొల్లాపూర్‌లో ఒక లాడ్జి ముందు ఖాళీ స్థలంలో బండి ఆపారు. అమ్మవారి మాట జవదాటడానికి చంద్రమ్మ ఒప్పుకోలేదు, విశ్వేశ్వర్ ముందు సీట్లో నడుం వాలుస్తానన్నా ఒప్పుకోలేదు, గురకకు సీటూ పలంగూ అని తేడా ఉండదంది. నాగమణమ్మ అతనికి దుప్పటి, మంచినీళ్ల సీసా ఇచ్చి, “మంచిగ పండుకో,” అని తలుపు వేసుకుంది.

లాడ్జి గది కిటికీలోంచి విశ్వేశ్వర్‌కు తన బండి కనిపిస్తోంది. సీరియల్ బుడ్లు మిణుకుమంటున్నాయి. తాను మూడుసార్లు జరిపి బిగించిన పొయ్యి మీద చాయ్ మరుగుతున్న వాసన వస్తోంది. ఖలీల్ ముగ్గురికి సరిపోతుందన్న పలంగు మీద ముగ్గురూ కాళ్లు చాపుకుని దేనికో పడీ పడీ నవ్వుతున్నారు. అతను కిటికీ మూసి, మోచేయి గోక్కుంటూ ఫోన్ లైటు వేశాడు. దిండు దులిపాడు, మంచం కోళ్ల సందుల్లో అగ్గిపుల్లతో గెలికాడు, పరుపు నాలుగు మూలలూ ఎత్తి చూశాడు. ఒక్కటి దొరికినా బండి తలుపు తట్టడానికి సాకు దొరికినట్టే.

అతని ఖర్మకు, ఒక్క నల్లి కూడా లేదు.